పైసా పెట్టని ఆట, పాతబస్తీ ఖాళీ గంట

ఇంటర్నెట్ ఆగిపోగానే క్రోమ్ బ్రౌజర్‌లో బుల్లి రాక్షసబల్లి ఒకటి ప్రత్యక్షమవుతుంది. కంప్యూటర్లో స్పేస్ బటన్ నొక్కినా, ఫోన్లో తెర మీద వేలితో తట్టినా పరుగు అందుకుంటుంది. దారిలో జెముడు మొక్క ఎదురైతే ఎగరాలి, తగిలితే ఆట అయిపోయినట్టే. గూగుల్ దీన్ని 2014 సెప్టెంబరులో బయటపెట్టింది. నెలకు 27 కోట్ల ఆటలు జరుగుతున్నాయని 2018లో దాని తయారీదారులు చెప్పారు. అంటే రోజుకు 90 లక్షలు, సెకనుకు 104. ఎక్కువ మంది ఆడుతున్నది డేటా నిలకడగా అందని, లేదా ఖరీదుగా ఉన్న దేశాల్లోనే అని కూడా వాళ్లే చెప్పారు. ఉదాహరణగా చెప్పిన నాలుగు పేర్లలో మొదటిది భారతదేశం. మిగిలినవి బ్రెజిల్, మెక్సికో, ఇండోనేషియా.

ఈ లెక్క చూసినప్పుడు నాకు మొదట గుర్తొచ్చేది హైదరాబాద్ పాతబస్తీ. లాడ్‌బజార్ గాజుల దుకాణాల్లో, పత్తర్‌గట్టి బట్టల కొట్లలో, ఛత్తాబజార్ పెళ్లిపత్రికల ప్రెస్సుల్లో పనిచేసే కుర్రాళ్లకు రోజులో ఎప్పుడో ఒకప్పుడు గిరాకీ లేని సమయం వస్తుంది. రంజాన్ నెలలో తెల్లవారుజాము దాకా తెరిచి ఉండే బజారుకు మిగతా నెలల మధ్యాహ్నాలు బాగా నెమ్మది. లాల్‌దర్వాజా, గౌలిపుర, ఉప్పుగూడ ఇళ్లలో ఒకే ఫోన్ అన్నదమ్ముల మధ్య, తల్లీబిడ్డల మధ్య చేతులు మారుతూ ఉంటుంది. అలాంటి చోట ‘ఉచితం’ అన్న మాటకు బరువు ఎక్కువ. అందుకే ఉచితమని చెప్పుకొనే ఆటకు ఎంత డేటా పోతుంది, ఎంతసేపు లాక్కుంటుంది, దాని ఖర్చు ఎవరు భరిస్తున్నారు అన్నవి అంకెలతోనే చూడాలి.

గంటకు ఎంత?

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ లెక్కల ప్రకారం 2014లో మన దేశంలో ఒక జీబీ మొబైల్ డేటా సగటు ధర 269 రూపాయలు. 2018 నాటికి అది 11 రూపాయల 78 పైసలకు దిగింది. మధ్యలో జరిగింది అందరికీ తెలుసు: 2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది. 2014 చివరలో ఒక్కో చందాదారు నెలకు సగటున పావు జీబీకి కాస్త ఎక్కువగా వాడితే, 2018 చివరికి ఏడున్నర జీబీ దాటారు.

ఒక మోస్తరు నాణ్యత ఉన్న వీడియో సెకనుకు 1 మెగాబిట్ తీసుకుంటుందనుకుందాం. గంటకు 450 ఎంబీ అవుతుంది. 2014 ధరలో ఆ గంట ఖరీదు 121 రూపాయలు, 2018 ధరలో 5 రూపాయల 30 పైసలు. ధర పడిపోయింది కాబట్టి ఇక లెక్క ఎందుకని అడగొచ్చు. రోజుకు 1.5 జీబీ ప్యాకు వేసుకున్నవాళ్లకు ఆ వీడియో 3 గంటల 20 నిమిషాల్లో ప్యాకును ఖాళీ చేస్తుంది. అదే ఫోన్లో సాయంత్రం చెల్లెలు పాఠం వినాలి, నాన్న యూపీఐ చేయాలి. నెట్‌లో రేడియో వింటే సెకనుకు 64 కిలోబిట్ల ప్రసారానికి గంటకు 29 ఎంబీ చాలు. అదే 1.5 జీబీతో 52 గంటలు వినొచ్చు. ఇక రాక్షసబల్లి ఆటకు డేటాయే అక్కర్లేదు. నెట్ ఉన్నప్పుడు కూడా క్రోమ్ అడ్రస్ గడిలో క్రోమ్, కోలన్, రెండు గీతలు, డైనో అని ఇంగ్లిషులో కొడితే అది తెరుచుకుంటుంది. ఆట ముగియడానికి 1.7 కోట్ల ఏళ్లు పడుతుందని తయారీదారులు చమత్కరించారు. టీ-రెక్స్ జాతి భూమ్మీద బతికిన కాలాన్ని ఆటకు కొలతగా పెట్టుకున్నామని వాళ్ల మాట.

నాలుగున్నర అడుగుల గోడ

ఫోన్ చేతికి రాకముందు ఈ ఆటలన్నీ సైబర్ కేఫ్‌లలో ఉండేవి. గల్లీ చివర నాలుగైదు కంప్యూటర్లు, గంటకు కొన్ని రూపాయల అద్దె, పక్క సీట్లో ఆడుతున్నవాడి తెరలోకి తొంగిచూసే పిల్లల గుంపు. 2001లో లండన్‌లో మొదలైన మినీక్లిప్, 2006లో మన దేశంలోనే అనిల్ అంబానీ గ్రూపు పెట్టిన జపక్ లాంటి సైట్లు ఆ తరం నోట్లో నానిన పేర్లు. 2011 ఏప్రిల్‌లో కేంద్రం సైబర్ కేఫ్‌లకు నిబంధనలు తెచ్చింది. వచ్చినవాళ్ల గుర్తింపు కార్డు చూడాలి, వాడకం వివరాలు ఏడాదిపాటు భద్రపరచాలి, సీట్ల మధ్య అడ్డుగోడ నాలుగున్నర అడుగులు మించకూడదు. ఆ తర్వాత కొన్నేళ్లకే చౌక ఫోన్లు వచ్చి ఆ గోడల అవసరమే లేకుండా చేశాయి.

ఆ కాలపు ఆటలు దాదాపు అన్నీ ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచేవి. 2020 డిసెంబరు 31తో అడోబీ దాన్ని ఆపేసింది. 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ ప్లేయర్ తనంతట తానే ఆటలను తెరవడం మానేసింది. ఇరవై ఏళ్లపాటు వేలమంది కుర్రకారు ఇళ్లలో కూర్చుని తయారుచేసిన ఆటలు ఒక్క తేదీతో చీకట్లోకి పోవాల్సింది. పోలేదు. 2018లో మొదలైన ఫ్లాష్‌పాయింట్ అనే స్వచ్ఛంద బృందం లక్షకు పైగా ఆటల్ని సేకరించి పెట్టింది. దానికి కంప్యూటర్ కావాలి. ఇంటర్నెట్ ఆర్కైవ్ మాత్రం 2020 నవంబరులో రఫుల్ అనే సాఫ్ట్‌వేర్‌ను జోడించి పాత ఫ్లాష్ ఆటలు మామూలు బ్రౌజర్లోనే ఆడేలా చేసింది. ఇవాళ నలభైకి దగ్గరపడుతున్న ఏ పాతబస్తీ అన్న అయినా తన కేఫ్ రోజుల ఆటను అక్కడ వెతుక్కోవచ్చు. లాభం కోసం కాక, పోకూడదని మాత్రమే చేసిన ఈ పనిని నేను పుస్తకాలయాలు చేసే పనితో సమానంగా చూస్తాను.

ఫోన్లో దించుకునే పెద్ద ఆటలకు వేరే ప్రమాదం ఉంది. 2020 సెప్టెంబరు 2న కేంద్రం నిషేధించిన 118 యాప్‌లలో పబ్‌జీ ఒకటి. 2022 ఫిబ్రవరిలో మరో 54 యాప్‌లను నిషేధించినప్పుడు వాటిలో ఫ్రీ ఫైర్ పోయింది. నెలల తరబడి సంపాదించిన ర్యాంకులు, కొనుక్కున్న దుస్తులు ఒక్క సాయంత్రంలో అందకుండా పోయాయి. బ్రౌజర్ ఆటలో కూడబెట్టేది ఏమీ ఉండదు కాబట్టి పోగొట్టుకునేదీ ఉండదు.

2048 వెనక ఉన్న గణితం

ఈ కోవలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 2048. గాబ్రియేల్ చిరుల్లీ అనే 19 ఏళ్ల ఇటలీ కుర్రాడు 2014 మార్చి 9న దాన్ని విడుదల చేశాడు. వారం తిరక్కుండానే 40 లక్షల మంది ఆ సైటుకు వచ్చారు. ఆలోచన పూర్తిగా తనది కాదని, అంతకుముందున్న 1024, త్రీస్ ఆటల నుంచి వచ్చిందని అతనే చెప్పి, డబ్బు తీసుకోవడం న్యాయం కాదని కోడ్ మొత్తం ఎవరైనా వాడుకునేలా వదిలేశాడు.

ఆట చూడటానికి తేలిగ్గా ఉంటుంది. నాలుగు వరసలు, నాలుగు నిలువులు, 16 గడులు. వేలితో ఒక వైపుకు నెడితే పలకలన్నీ అటు జరుగుతాయి. ఒకే అంకె ఉన్న రెండు పలకలు తగిలితే కలిసి రెట్టింపు అవుతాయి. 2, 2 కలిస్తే 4. 4, 4 కలిస్తే 8. అలా 2048 దాకా చేరాలి. ప్రతి కదలిక తర్వాత ఖాళీ గడిలో కొత్త పలక పుడుతుంది. అది 2 అయ్యే అవకాశం నూటికి 90, 4 అయ్యే అవకాశం 10.

ఇక్కడే ఒక చక్కటి లెక్క దాగి ఉంది. పలకలు కలిసినప్పుడు బల్ల మీది మొత్తం మారదు. 4, 4 కలిసి 8 అయినా మొత్తం 8యే. మొత్తం పెరిగేది కొత్త పలక పుట్టినప్పుడే. ఆ కొత్త పలక సగటు విలువ ఎంత? పది సార్లలో తొమ్మిది సార్లు 2, ఒకసారి 4. కలిపితే 22, పదితో భాగిస్తే 2.2. 2048 పలక తయారవ్వాలంటే బల్ల మీద కనీసం 2048 విలువ చేరాలి. 2048ని 2.2తో భాగిస్తే 931. ఎంత గొప్ప ఆటగాడైనా దరిదాపుగా ఇన్ని కదలికలు వేయాల్సిందే. సెకనుకు ఒకటి చొప్పున వేస్తే పదిహేనున్నర నిమిషాలు. నిజంగా ఆడేటప్పుడు మిగతా గడుల్లో చిల్లర పలకలు మిగులుతాయి, మధ్యలో ఆలోచన కూడా పడుతుంది కాబట్టి ఇరవై నిమిషాలు అనుకోవచ్చు. దుకాణంలో రెండు గిరాకీల మధ్య పట్టే ఆట ఇది. అన్నిటికన్నా పెద్ద పలకను ఒక మూలకు చేర్చి అక్కణ్నుంచి కదలనీయకుండా ఆడటం దీనిలో మొదటి మెలకువ. 2048 దాటినా ఆగక్కర్లేదు, కానీ 16 గడులే ఉన్నందువల్ల 1,31,072 కన్నా పెద్ద పలక ఎవరి వల్లా కాదు.

తొమ్మిది, పదో తరగతి పిల్లలకు ఘాతాంకాలు చెప్పే ఉపాధ్యాయులెవరైనా ఈ ఆటను తరగతిలోకి తెచ్చుకోవాలని నా కోరిక. 1,31,072 అంటే 2కు 17వ ఘాతం అని పుస్తకంలో చదవడం ఒకటి, దాని కోసం చెమటోడ్చి 11వ ఘాతం దగ్గరే కూలబడటం మరొకటి.

రోజుకు ఒక్కటే

లక్షల మందిని పట్టేసిన మరో ఆట తనకు తానే గీత గీసుకుంది. జోష్ వార్డిల్ అనే ఇంజనీరు తన జీవితభాగస్వామి కోసం తయారుచేసిన వర్డిల్‌లో అయిదక్షరాల ఇంగ్లిషు పదాన్ని ఆరు ప్రయత్నాల్లో పట్టుకోవాలి. రోజుకు ఒకే పదం, లోకమంతటికీ అదే పదం. 2021 నవంబరు 1న ఆడింది 90 మంది. 2022 జనవరి 2న 3 లక్షలు. ఇంకో వారానికి 20 లక్షలు. అదే నెలాఖరున న్యూయార్క్ టైమ్స్ దాన్ని ఏడంకెల డాలర్లకు కొనుక్కుంది. ఇప్పటికీ రోజువారీ పదానికి రూపాయి అడగదు. ఆట అయిపోగానే ‘మళ్లీ రేపు’ అని పంపేసే గుణం ఏ ఉచిత ఆటలోనైనా నేను మొదట వెతికేది.

దీన్ని తెలుగులోకి తేవాలంటే అక్షరాల దగ్గర పని పడుతుంది. ‘చార్మినార్’ మన కంటికి నాలుగు గడుల పదం: చా, ర్మి, నా, ర్. కంప్యూటరు లోపల అది 10 సంకేతాలు, ఎందుకంటే గుణింతపు గుర్తులకు, పొల్లుకు విడివిడిగా స్థానాలున్నాయి. గడికి ఒక అక్షరం పెట్టే పద్ధతి మన పత్రికలకు కొత్త కాదు. శ్రీశ్రీ పదబంధ ప్రహేళికలు, ఆరుద్ర గళ్లనుడికట్లు దశాబ్దాల కిందటే ఆ లెక్క తేల్చాయి. గడిలో అక్షరం మొత్తం సరిపోయిందా, లేక హల్లు మాత్రమే సరిపోయి గుణింతం తప్పిందా అని విడిగా రంగు చూపిస్తే తెలుగు ఆట ఇంగ్లిషుదానికన్నా రసవత్తరంగా ఉంటుంది. తెలుగు చదవడం వచ్చినవాళ్లకు ఇంకో సులువైన కాలక్షేపం తెలుగు వికీపీడియా. 2003 డిసెంబరులో మొదలైన ఆ విజ్ఞాన సర్వస్వంలో యాదృచ్ఛిక పేజీ నొక్కి, అక్కడి లంకెల మీదుగా మాత్రమే నడుస్తూ ఎన్ని అడుగుల్లో ‘హైదరాబాదు’ పేజీకి చేరతారో ఇద్దరు పందెం వేసుకోవచ్చు. ఓడినవాళ్లు చాయ్ ఇప్పిస్తే చాలు.

చదరంగం ఆడేవాళ్లకు లీచెస్ ఉంది. ఫ్రాన్స్‌కు చెందిన తిబో డ్యుప్లెసీ 2010లో మొదలుపెట్టాడు. ప్రకటనలు లేవు, పేరు నమోదు చేసుకోకుండా కూడా ఆడొచ్చు, విరాళాలతో నడుస్తుంది. నెలకు దాదాపు 9 కోట్ల రేటెడ్ ఆటలు అక్కడ జరుగుతాయి, వాటన్నిటినీ ఎవరైనా దించుకుని చదువుకోవచ్చు. తలా 3 నిమిషాల గడియారం పెట్టుకుంటే ఆట 6 నిమిషాల్లో ముగిసి తీరుతుంది. ఒక్కో ఎత్తుకు ఖర్చయ్యే డేటా చాలా స్వల్పం, ఎందుకంటే అటూ ఇటూ ప్రయాణించేది ఏ పావు ఎక్కడికి కదిలిందన్న చిన్న కబురే. వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేశి 2024 డిసెంబరులో 2801 రేటింగ్ అందుకున్నప్పుడు, మన దేశంలో విశ్వనాథన్ ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండోవాడయ్యాడు. ఓరుగల్లులో పుట్టిన ఆటగాణ్ని చూసి యాకుత్‌పురాలో ఒక పిల్ల బోర్డు లేకుండానే, కోచింగ్ ఫీజు లేకుండానే మొదలుపెట్టగలదు. ఆ అవకాశం విలువకు ఏ లెక్కా చాలదు.

ఆటలు ఇష్టం లేనివాళ్లకు

గూగుల్ వీధి చిత్రాలు (స్ట్రీట్ వ్యూ) మన దేశంలోకి రావడానికి పదకొండేళ్లు పట్టింది. 2011లో బెంగళూరులో మొదలుపెడితే పోలీసులు ఆపించారు. 2016లో కేంద్రం అనుమతి ఇవ్వలేదు. 2021లో పటాల విధానం సడలించాక, జెనెసిస్, టెక్ మహీంద్రా సంస్థలు చిత్రాలు తీసి ఇవ్వగా 2022 జులై 27న 10 నగరాలతో వచ్చింది. అందులో హైదరాబాద్ ఉంది. మొత్తం లక్షన్నర కిలోమీటర్ల దారులు. కారు దూరని పాతబస్తీ గల్లీలు అందులో వెతకడం దండగ గానీ, దుబాయ్‌లోనో జెడ్డాలోనో ఉన్న కొడుకు తన ఊరి పెద్దరోడ్డు మీద కాసేపు తిరగడానికి పనికొస్తుంది. అయిదు చోట్ల వదిలి ‘ఇది ఏ ఊరు’ అని అడిగే జియోగెస్సర్ ఆట 2013లో స్వీడన్ నుంచి వచ్చింది. చోటుకు 5,000, మొత్తం 25,000 పాయింట్లు. అది ఇప్పుడు పూర్తిగా ఉచితం కాదు. వీధి చిత్రాలు ఉచితమే కాబట్టి ఇద్దరు స్నేహితులు ఒకరికొకరు చోట్లు పెట్టుకుని అదే ఆట ఆడుకోవచ్చు.

సాలార్‌జంగ్ మ్యూజియం వస్తువులు గూగుల్ ఆర్ట్స్ అండ్ కల్చర్‌లో ఇంటి నుంచే చూడొచ్చు. 1876లో మొదటి సాలార్‌జంగ్ కొని తెచ్చిన మేలిముసుగు రెబెక్కా పాలరాతి శిల్పాన్ని చూడటానికి దార్‌ఉల్‌షిఫా దాకా వెళ్లగలిగినవాళ్లు మాత్రం వెళ్లి తీరాలి. తెర మీద ఆ ముసుగు పలుచదనం సగమే తెలుస్తుంది.

నీల్ డాట్ ఫన్ అనే సైటును నీల్ అగర్వాల్ ఒక్కడే నడుపుతున్నాడు. 2024 జనవరి చివర వచ్చిన ఇన్ఫినిట్ క్రాఫ్ట్‌లో నీరు, నిప్పు, గాలి, మట్టి అనే నాలుగింటితో మొదలై రెండేసి కలుపుకుంటూ పోతే కొత్త వస్తువులు పుడతాయి. మన పంచభూతాల్లో ఒకటి తక్కువ. ఆకాశాన్ని మనమే తయారుచేసుకోవాలి.

ఖర్చు ఎవరిది?

సర్వరుకు, కరెంటుకు ఎవరో ఒకరు డబ్బు పెట్టాల్సిందే. లీచెస్‌కు దాతలు పెడుతున్నారు. రాక్షసబల్లికి గూగుల్ పెడుతోంది. ఫ్రీరైస్ అనే ప్రశ్నోత్తరాల సైటుకు ప్రకటనకర్తలు, దాతలు పెడుతున్నారు. 2007లో మొదలైన ఆ సైటు ఇప్పుడు ఐక్యరాజ్యసమితి ప్రపంచ ఆహార కార్యక్రమం చేతిలో ఉంది. సరైన జవాబుకు 10 బియ్యపు గింజలు అన్నది అక్కడ చాలాకాలం నడిచిన లెక్క. గ్రాముకు 48 గింజలు, మనిషికి రోజుకు 400 గ్రాములు అనుకుంటే 19,200 గింజలు, అంటే 1,920 సరైన జవాబులకు ఒకరికి ఒక రోజు తిండి.

మిగతా చాలా సైట్లకు డబ్బు ప్రకటనల నుంచి వస్తుంది. 2016లో వచ్చిన స్లిథర్ అనే పాముల ఆట రోజుకు లక్ష డాలర్లు సంపాదిస్తోందని అప్పట్లో వాల్‌స్ట్రీట్ జర్నల్ రాసింది. అప్పటి మారకంలో 67 లక్షల రూపాయలు. ఆడేవాళ్లు ఒక్క పైసా ఇవ్వలేదు, ప్రకటన చూసిన కొన్ని సెకన్లు ఇచ్చారు. సెకన్లు ఎంత పెద్ద మొత్తమవుతాయో 2010 మే 21న తేలింది. ప్యాక్‌మ్యాన్ ముప్ఫై ఏళ్ల సందర్భంగా గూగుల్ తన మొదటి పేజీ మీదే ఆ ఆట పెడితే, ఒక్కొక్కరు మామూలుకన్నా 36 సెకన్లే ఎక్కువ గడిపారు. రెస్క్యూటైమ్ సంస్థ వాటిని కూడితే 48 లక్షల గంటలు దాటాయి.

ప్రకటనతో నడిచే ఆటను నేను తప్పుపట్టను. తప్పుపట్టేది ఆ ప్రకటనల మధ్య దూరి, ఉచిత ఆటలా కనిపించి, రెండో రోజు నుంచి వంద వేస్తే వెయ్యి అనే పందెపు ఆటల్ని. తెలంగాణ 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2017లో సవరించి ఆన్‌లైన్ రమ్మీతో సహా డబ్బు పందేలను నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే దారి పట్టింది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం డబ్బు ఆటలు నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా పెట్టింది. వాటిని ప్రచారం చేసేవాళ్లకు రెండేళ్లు, 50 లక్షలు. పందెం లేని ఆటలకూ, ఈ-స్పోర్ట్స్‌కూ అడ్డు చెప్పలేదు. ఏటా 45 కోట్ల మంది దాదాపు 20,000 కోట్ల రూపాయలు పోగొట్టుకుంటున్నారని ఆ సందర్భంలో ప్రభుత్వం అంచనా చెప్పింది. తలకు 444 రూపాయలు. ఈ సగటు చూసి తేలిగ్గా తీసుకోకూడదు. చాలామంది యాభయ్యో వందో పోగొట్టుకుని ఆగిపోతారు. ఆగలేకపోయినవాళ్ల అప్పులు, అమ్ముకున్న బంగారం ఆ 444లో కనిపించవు.

నిజంగా ఉచితమైన ఆటకు మీ ఫోన్ నంబరు అక్కర్లేదు, యూపీఐ అక్కర్లేదు, ఏపీకే ఫైలు దించుకోమనదు, ట్యాబ్ మూసేస్తే వెంటపడదు. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తప్పినా అక్కడే వెనక్కి రావాలి. నగరంలో 2021లో 3,000 చోట్లకు విస్తరించిన ఉచిత హై-ఫై లాంటి బహిరంగ వైఫైలో ఆట ఆడుకోవడం వరకే మంచిది, డబ్బు పంపడం సొంత డేటాతో చేసుకోవాలి. ఒకవేళ డబ్బు పోతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయాలి. సిగ్గుపడి రెండు రోజులు దాచిపెడితే ఆ సొమ్ము ఖాతాల మీదుగా దాటిపోతుంది. మొదటి గంటల్లోనే చెబితే బ్యాంకు దాన్ని మధ్యలో నిలిపేసే వీలుంటుంది.